కంప్యూటరు మెమొరీలో పోరంబోకు

పెన్నానదిపై కట్టిన గండికోట జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు జమ్మలమడుగు ప్రాంతంలోని తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామాలవారు ఇళ్ళు ఖాళీచేసి పోవలసివచ్చినది. పొలాలు నీట మునిగినవి. కాని ఆ పొలాల సర్వే నెంబర్లు మునగలేదు. పాత గ్రామపటం తీసి చూస్తే గట్లు, మూలరాళ్ళు, నెంబర్లు ఎప్పటివలెనే కనిపిస్తవి. అక్కడ నాగలి పెట్టడానికి మాత్రం వీలులేదు.

మునక లేని ఊళ్ళలోకూడ ఈ సంగతి ఉన్నదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాత తాలూకాలలో ఏ గ్రామపటం విప్పినా కొన్ని నెంబర్లు చేలు. కొన్ని వాగులు, చెరువులు, బండ్లబాటలు, శ్మశానాలు. సాగుకు ఇవ్వని ఈ రెండవ రకాన్ని రెవిన్యూవారు పోరంబోకు అంటారు. 1800లో నిజాము దత్తమండలాలను ఇంగ్లీషు కంపెనీకి వదులుకొన్న తరువాత 1807 వరకు అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన తామస్ మన్రో పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించాడు. పటంలో నెంబరు ఉన్నంతమాత్రాన అక్కడ దున్నే నేల ఉన్నట్లు కాదని ఆ సీమ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కొత్తగా వచ్చిన కరణం ఈ తేడా తెలియక నెంబర్లన్నిటికీ పట్టాలు వ్రాసుకుంటూ పోతే ఒకరికి చేను, మరొకరికి చెరువు దక్కుతుంది.

కంప్యూటరులోకూడ ఇట్టి పటం ఒకటి ఉన్నది. దానిలోనూ పోరంబోకు ఉన్నది. 1981లో గీసిన ఆ హద్దులను పర్సనల్ కంప్యూటరు వంశంలోని యంత్రాలు నేటికీ మోస్తున్నవి. యంత్రం మేలుకొన్న తరువాత మెమొరీని తన స్వాధీనం చేసుకొని, మిగిలిన ప్రోగ్రాములకు పంచిపెట్టే ప్రధాన ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఆపరేటింగ్ సిస్టముకు అదే ఆయువుపట్టు. గ్రామంలో కరణానికి ఏ పని ఉండేదో కంప్యూటరులో కెర్నెలుకు దాదాపు ఆ పనే. ఏది నేల, ఏది చెరువు అన్నది తెలియకుండా అది ఒక్క క్షణం కూడ పనిచేయలేదు.

ముందు ఈ నెంబర్ల సంగతి చూద్దాం. మెమొరీని వరుసగా నెంబర్లు వేసిన గదుల బారుగా భావించవచ్చును. ఒక్కొక్క గదిలో ఒక బైటు, అనగా 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య, పడుతుంది. "ఫలానా గదిలో ఈ సంఖ్య పెట్టు", "ఫలానా గదిలో ఏమున్నదో చెప్పు" అని ప్రాసెసరు తీగలద్వారా అడుగుతుంది. గది నెంబరును మోసే తీగ ఒకటి పెరిగినప్పుడల్లా చెప్పగల గదుల సంఖ్య రెట్టింపు అవుతుంది. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. కంపెనీ విడుదలచేసిన పర్సనల్ కంప్యూటరులో ఇంటెల్ వారి 8088 ప్రాసెసరు ఉండేది. దానికి ఇట్టి తీగలు 20. అందుచేత అది 10,48,576 గదులను పిలవగలిగేది. ఇదే ఒక మెగాబైటు, లేక 1,024 కిలోబైట్లు. ఇంత పటం ఉన్నా ఆ కంప్యూటరును అన్నిటికంటె చవుక రకంలో కొన్నవారికి దొరికిన అసలు మెమొరీ 16 కిలోబైట్లే. ఊరంతా సర్వేచేసి నెంబర్లు వేసినారు. సేద్యం మాత్రం నాలుగు సెంట్లలో మొదలైనదన్నమాట.

మరి మెమొరీ కాని వస్తువులు ఈ పటంలోనికి ఎందుకు వచ్చినవి? కంప్యూటరుకు తెర, డిస్కు, మీటల పలక మొదలైన ఉపకరణాలు ఉంటవి. వాటితో మాట్లాడడానికి రెండు మార్గాలున్నవి. వాటికోసం వేరే ద్వారాలు పెట్టి, వాటికి వేరే నెంబర్లు ఇవ్వడం ఒకటి. మెమొరీ నెంబర్లలోనే కొన్నింటిని ఉపకరణానికి కేటాయించడం రెండవది. ఈ రెండవ పద్ధతిలో ప్రాసెసరు మామూలు గదిలో పెట్టినట్లే సంఖ్య పెడుతుంది. కాని ఆ నెంబరు వెనుక గది లేదు, తెరను నడిపే కార్డు ఉన్నది. అక్కడ 65 అని వ్రాస్తే తెరపై ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి అక్షరం వెలుగుతుంది. ఇది చాల వేగమైన మార్గం, ప్రోగ్రాము వ్రాసేవారికి సులువైనది కూడ. పర్సనల్ కంప్యూటరులో రెండు మార్గాలనూ వాడినారు. తెరకు మాత్రం రెండవదే ముఖ్యమైనది.

ఆ కేటాయింపు పటంలో ఆ చోటనే ఎందుకు జరిగినదో గమనించదగినది. 8088 ప్రాసెసరుకు విద్యుత్తు తగలగానే మొదటి ఆజ్ఞకోసం పటం చిట్టచివరకు పోతుంది. ఒక మెగాబైటు పూర్తికావడానికి సరిగ్గా 16 గదులు ముందు. కనుక విద్యుత్తు పోయినా చెరగని మెమొరీలో భద్రపరచిన బయాస్ అనే ప్రారంభ ప్రోగ్రామును పై కొసన ఉంచక తప్పలేదు. మరొకవైపు, మీట నొక్కినప్పుడు, గడియారం కొట్టినప్పుడు తాను ఎక్కడికి పోవలెనో తెలిపే పట్టికకోసం ప్రాసెసరు అడుగునగల 1,024 గదులను చూస్తుంది. ఆ పట్టికను ఎప్పటికప్పుడు మార్చుకోవలెను గనుక అక్కడ చెరిపి వ్రాయగల మెమొరీయే ఉండవలెను. అడుగున మెమొరీ, కొసన బయాస్ అని ప్రాసెసరే తేల్చివేసినది. ఐ.బి.ఎం. ఇంజనీర్లు పటాన్ని 64 కిలోబైట్ల చొప్పున 16 మడులు చేసి, కిందినుంచి 10 మడులు ప్రోగ్రాములకు, పైనున్న 6 మడులు యంత్రం సొంత అవసరాలకు వదిలినారు. 640 కిలోబైట్ల వరకు సాగుభూమి. అక్కడినుంచి 1,024 వరకు 384 కిలోబైట్లు పోరంబోకు. 16 కిలోబైట్లతో కొనే రోజులలో 640 అంటే ఎవరికీ తక్కువగా తోచలేదు.

ఆ పోరంబోకులో తెరకు వచ్చిన వాటా 640 నుంచి 768 వరకు. నలుపు తెలుపు అక్షరాల కార్డు 704వ కిలోబైటువద్ద, రంగుల కార్డు 736వ కిలోబైటువద్ద నిలిచినవి. రెండూ వేరువేరు చోట్ల ఉండడంచేత ఒకే యంత్రంలో రెండు కార్డులు, రెండు తెరలు పెట్టుకొన్నవారూ ఉన్నారు. తెరపై 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు. అనగా 2,000 అక్షరాల చోట్లు. ఒక్కొక్క చోటికి రెండు గదులు: ఒకదానిలో అక్షరం నెంబరు, రెండవదానిలో రంగు. మొత్తం 4,000 గదులతో తెర నిండిపోతుంది. డాస్ కాలంలో దుకాణాల లెక్కల ప్రోగ్రాములు చాలవరకు ఈ 4,000 గదులలోనే జీవించినవి. ఆపరేటింగ్ సిస్టమును అడిగి అక్షరం వేయించడం నెమ్మది గనుక, ప్రోగ్రాము వ్రాసేవారు దానిని పక్కకు నెట్టి తామే నేరుగా ఆ గదులలో వ్రాసేవారు. ఈ అలవాటే తరువాతి కష్టాలకు మూలం. ఏ కంపెనీ తయారుచేసిన యంత్రమైనా 736వ కిలోబైటువద్ద తెర లేకపోతే ఆ ప్రోగ్రాములు నడవవు. హద్దురాయి కదపడానికి ఇక ఎవరికీ వీలులేకపోయినది.

ఈ కిటికీలో తెలుగుకు చోటు లేదన్న విషయం ఇక్కడ చెప్పుకోవలసియున్నది. ఒక్క గదిలో పట్టే నెంబర్లు 256 గనుక తెరపై వచ్చే గుర్తులూ 256 మాత్రమే. ప్రతి గుర్తుకు ఒకే వెడల్పు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి అక్షరం పైకి, కిందికి, పక్కకు పెరుగుతుంది. 'క'కు చాలిన చోటు 'క్ష్మి'కి చాలదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, 1988లో పూనాలో ఏర్పడిన సీ-డాక్ సంస్థలో ముందుకు సాగిన జిస్ట్ పరిశోధన ఈ చిక్కుకు ఒక ఉపాయం చూపినది. జిస్ట్ కార్డును యంత్రం లోపలి గాడిలో అమర్చితే, ఇంగ్లీషుకోసం తయారైన అక్షరాల ప్రోగ్రాములలోనే భారతీయ లిపులు కనిపించేవి. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ సంకేతంలో 256 నెంబర్లలోని పై సగం మన అక్షరాలకు వచ్చినది. తెలుగు 'క'కు, హిందీ 'క'కు అందులో ఒకే నెంబరు. ఏ లిపిలో చూపవలెనన్నది తరువాతి మాట. ప్రోగ్రామును మార్చకుండా, కార్డును మార్చి తెలుగును తెరమీదికి తెచ్చిన ఈ మార్గం ఆనాటి యంత్రం పరిమితులను బట్టి చూస్తే మెచ్చదగినదే.

1984లో ఐ.బి.ఎం. వారి ఏ.టి. అనే కొత్త యంత్రం వచ్చినది. దానిలోని 80286 ప్రాసెసరుకు 24 తీగలు. పటం 16 మెగాబైట్లకు పెరిగినది. న్యాయంగా అయితే పోరంబోకును పటం చివరకు జరపవలెను. కాని పాత ప్రోగ్రాములకోసం దానిని కదపలేదు. ఊరు పెరిగి చుట్టూ కొత్త పేటలు వెలసినా నడిమధ్యలో పాత చెరువు నిలిచిపోయినట్లు, సాగుభూమి రెండు ముక్కలై మధ్య ఈ 384 కిలోబైట్ల గుంట మిగిలినది.

అంతకంటె చిత్రమైనది ఇరవైయొకటవ తీగ కథ. పాత 8088లో లెక్క ఒక మెగాబైటు దాటితే, పై తీగ లేదు గనుక, చుట్టి మళ్ళీ అడుగుకే వచ్చేది. కొన్ని ప్రోగ్రాములు దీనిని తెలిసే వాడుకొన్నవి. కొత్త యంత్రంలో తీగ ఉండడంచేత లెక్క చుట్టిరాక, నిజంగానే మెగాబైటు దాటి పోతుంది. ఆ ప్రోగ్రాములు చెడిపోతవి. అందుకని ఐ.బి.ఎం. వారు ఆ తీగకు ఒక తూము పెట్టి, దానిని తెరిచి మూసే పనిని మీటల పలకను చూచుకొనే చిప్పుకు అప్పగించినారు. ఆ చిప్పులో వాడని కాలు ఒకటి ఉండడమే దీనికి కారణం. మెమొరీకి, మీటలకు ఏ సంబంధమూ లేదు. అయినా ఆ తరువాత వచ్చిన కెర్నెళ్ళన్నీ మేలుకొనగానే మీటల చిప్పువద్దకు పోయి ఆ తూము ఎత్తించుకోవలసివచ్చినది. బయాస్ ద్వారా మొదలయ్యే దారిలో లైనక్సు నేటికీ ఈ తనిఖీ చేస్తున్నది.

పోరంబోకును ఆక్రమించి సాగుచేసినవారుకూడ లేకపోలేదు. 384 కిలోబైట్లలో అన్ని మడులూ నిండవు. ఏ కార్డూ వాడుకోని చోట్లు ఉంటవి. 1985లో వచ్చిన 80386 ప్రాసెసరు ఈ పనికి సాధనం ఇచ్చినది. అది మెమొరీని 4,096 గదుల పుటలుగా విడగొట్టి, ప్రోగ్రాముకు కనిపించే నెంబరుకూ అసలు నెంబరుకూ మధ్య ఒక పట్టిక పెట్టినది. పాత డోరు నెంబరు, కొత్త డోరు నెంబరు పక్కపక్కన వ్రాసిన మునిసిపాలిటీ రిజిస్టరు వంటిదే ఈ పట్టిక. ప్రోగ్రాము పాత నెంబరు పిలుస్తుంది. ప్రాసెసరు రిజిస్టరు చూచి కొత్త ఇంటికి పోతుంది. 1991లో వచ్చిన డాస్ 5 ఈ పట్టికద్వారా పైనెక్కడో ఉన్న మెమొరీని పోరంబోకులోని ఖాళీ నెంబర్లకు తగిలించి, చిన్న చిన్న ప్రోగ్రాములను అక్కడికి తరలించినది. కాని ఖాళీ అనుకొన్నచోట ఏదో ఒక కార్డు నిద్రపోతూ ఉండవచ్చును. అది మేలుకొన్నప్పుడు యంత్రం కొయ్యబారిపోయేది. అప్పుడు వాడేవారే ఆరంభ ఫైలు తెరిచి "ఫలానా నెంబరునుంచి ఫలానా నెంబరువరకు ముట్టవద్దు" అని స్వహస్తాలతో వ్రాసి ఊరుకొనేవారు.

అదే 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 80386 యంత్రంపై లైనక్సు కెర్నెలును ఆరంభించినాడు. దాని తొలిరూపాలలో ఈ గుంటను దాటే పద్ధతి చూస్తే ముచ్చటవేస్తుంది. డిస్కునుంచి తెచ్చిన సమాచారం ఉంచడానికి కెర్నెల్ పై నెంబర్లనుంచి కిందికి దిగుతూ మెమొరీని ముక్కలు చేసుకుంటుంది. అలా దిగుతూ ఒక మెగాబైటు హద్దును తాకగానే ఒక్క గెంతులో 640వ కిలోబైటుకు దిగవలెనని ఒకే ఒక్క వాక్యం ఉన్నది. పొలంలో చాలు దున్నుతూ వచ్చిన రైతు వాగు గట్టున నాగలి ఎత్తి ఆవలి గట్టున దించినట్లు! ఆనాటికి ఆ ఒక్క వాక్యం చాలినది. యంత్రాలు మారినకొద్దీ అది చాలలేదు.

మొదటి చిక్కు చేతినిల్వతో వచ్చినది. మెమొరీ నెమ్మది గనుక, తరచుగా వాడే గదుల నకళ్ళను ప్రాసెసరు తనవద్ద ఉంచుకొంటుంది. వంట చేసేవారు మూటలోని బియ్యాన్ని చేతికందే డబ్బాలో పోసుకొన్నట్లు. దీనిని క్యాష్ అంటారు. నిజమైన మెమొరీకి ఇది ఎంతో మేలు. ఉపకరణానికి మాత్రం హాని. తెరకు పంపిన అక్షరం డబ్బాలోనే ఉండిపోతే తెరమీద ఏమీ కనిపించదు. అందుచేత "ఈ నెంబర్లకు నకలు ఉంచరాదు" అని హద్దులు గీయవలెను. 1995లో వచ్చిన పెంటియం ప్రో ప్రాసెసరునుంచి ఇంటెల్ దీనికోసం ప్రత్యేకమైన రిజిస్టర్లు పెట్టినది. వాటిలో మొదటి మెగాబైటుకు మాత్రమే 88 చిన్న హద్దులున్నవి: 512 వరకు 64 కిలోబైట్లవి 8, అక్కడినుంచి 768 వరకు 16 కిలోబైట్లవి 16, మిగిలిన 256లో 4 కిలోబైట్లవి 64. వందల కోట్ల గదులు గల యంత్రంలో 1981 నాటి ఒక్క మెగాబైటుకు ఇంత కొలత! పాత ఊరి నడిబొడ్డున సెంటు సెంటుకు రాయి పాతి, బయటి వందల ఎకరాలకు నాలుగు రాళ్ళతో సరిపెట్టినట్లున్నది.

కెర్నెల్ ఏదైనా ఉపకరణం నెంబర్లను తాకవలెనంటే ముందు తన పట్టికలో వాటికి చోటు కల్పించుకోవలెను. లైనక్సులో ఈ పని చేసే భాగాన్ని ఐవో-రీమ్యాప్ అంటారు. ఏ కార్డుకైనా అది కొత్త పుటలు తెరిచి తగిలిస్తుంది. కాని అడిగిన నెంబరు 640కి, 1,024కి మధ్య ఉంటే మాత్రం కొత్తగా ఏమీ చేయకుండా, "ఆ ప్రాంతం ఎప్పుడూ తగిలించే ఉన్నది" అని పాత నెంబరునే చేతికిచ్చే ఏర్పాటు ఎన్నో ఏళ్ళు సాగినది.

రెండవ చిక్కు నమ్మకానికి సంబంధించినది. ఏ నెంబర్లు మెమొరీ, ఏవి కావు అన్నది కెర్నెల్ తనంతట తాను కనిపెట్టడం కష్టం. గదిలో ఒక సంఖ్య పెట్టి తిరిగి చదివి చూడవచ్చును కదా అనిపిస్తుంది. కాని అక్కడ ఉపకరణం ఉంటే ఆ వ్రాతే దానికి ఆజ్ఞ కావచ్చును. అందుచేత బయాస్‌నే అడగడం ఆచారమైనది. "ఇక్కడినుంచి ఇక్కడికి వాడుకోవచ్చు, ఇది ప్రత్యేకించినది" అని బయాస్ ఒక జాబితా ఇస్తుంది. ఇది అడంగలు వంటిది. అడంగలు ఎంత సరిగా ఉంటుందో ఇదీ అంతే. కొన్ని యంత్రాలలో బయాస్ 640కి, 1,024కి మధ్యనున్న పోరంబోకును సాగుభూమి అని వ్రాసి ఇచ్చేది. అడుగునగల మొదటి 4 కిలోబైట్లు తన సొంతానికి ఉంచుకొని కూడ ఆ మాట చెప్పేది కాదు. అందుకని లైనక్సు కెర్నెల్ ఆ జాబితాను అందుకొని, దానిలో ఏమి వ్రాసి ఉన్నా సరే, ఈ రెండు భాగాలనూ తానే కొట్టివేస్తుంది. దస్తావేజుకంటె క్షేత్రజ్ఞానాన్ని నమ్మడమన్నమాట.

ఇదే గుంట పెద్దదై మరొకచోటకూడ కనిపించినది. 32 తీగల యంత్రాలకు పటం 4 గిగాబైట్లు. వాటిలో కొత్త తరహా కార్డులకు చోటు 4 గిగాబైట్ల హద్దుకు కిందనే ఇచ్చినారు. దానితో 4 గిగాబైట్లు డబ్బిచ్చి కొన్నవారికి చాల యంత్రాలలో మూడు చిల్లర మాత్రమే కనిపించేది. అమ్మినవారు మోసగించినారని అనుకొన్నవారు కొందరు. నిజానికి అక్కడకూడ నెంబరు ఉన్నది, దాని వెనుక మెమొరీ కాక కార్డు ఉన్నది.

ఇక అసలు ప్రమాదం సంగతి. యూనిక్సు సంప్రదాయంలో మెమొరీ అంతటినీ ఒక ఫైలువలె చూపే 'డెవ్ మెమ్' అనే ఏర్పాటు ఉన్నది. తెరపై బొమ్మలు గీసే ప్రోగ్రాము చాలకాలం కెర్నెలులో భాగం కాదు. ఇట్టి మార్గాలద్వారా ఆ 640–768 కిటికీని తనకు తగిలించుకొని, కార్డును తానే నడిపేది. ఇది జరగడానికి కెర్నెల్ ఒక తలుపు తీసి ఉంచక తప్పలేదు. ఆ కిటికీ వెనుక మరొక రహస్యం ఉన్నది. పటంలో ఆ నెంబర్లు తెరకు పోయినా, యంత్రంలో అమర్చిన మెమొరీ చిప్పులో ఆ భాగం వట్టిగానే పడియుంటుంది. విద్యుత్తు పొదుపు మొదలైన పనులకోసం ఇంటెల్ 1990లో ఒక గుప్తస్థితిని ప్రవేశపెట్టినది. కెర్నెలుకు కూడ తెలియకుండా నడిచే ఆ గుప్త ప్రోగ్రామును దాచడానికి తరువాతి యంత్రాలలో ఈ వట్టి మెమొరీనే వాడినారు. మామూలు స్థితిలో ఆ నెంబర్లు పిలిస్తే తెర పలుకుతుంది. గుప్తస్థితిలో పిలిస్తే అడుగునున్న మెమొరీ పలుకుతుంది. చెరువు నీటికింద నేలమాళిగ ఉన్నట్లు.

2006లో కెనడాలోని వాంకూవరులో జరిగిన ఒక భద్రతా సదస్సులో లోయిక్ దుఫ్లో అనే ఫ్రెంచి పరిశోధకుడు ఈ నేలమాళిగకు దారి చూపినాడు. ఆయన పరీక్షకు తీసుకొన్నది ఓపెన్ బీ.ఎస్.డి. అనే కెర్నెల్. యంత్రం యజమానికి కూడ కొన్ని హక్కులు నిరాకరించేటంత జాగ్రత్త గలది. అయినా బొమ్మల ప్రోగ్రాముకోసం తెర కిటికీని తాకనిచ్చేది. గుప్తమెమొరీకి బయాస్ తాళం వేయని యంత్రాలలో ఒక చిన్న సంకేతాన్ని మార్చితే ఆ కిటికీ తెరకు కాక నేలమాళిగకు తెరుచుకొంటుంది. అక్కడ తన ప్రోగ్రాము వ్రాసి, మళ్ళీ మూసి, గుప్తస్థితిని మేలుకొలిపితే ఆ ప్రోగ్రాము కెర్నెల్ కట్టుబాట్లన్నిటినీ దాటి నడుస్తుంది. 1981లో అక్షరాలు వేయడానికి వదిలిన చోటు 25 ఏళ్ళకు దొంగదారి అయినది. తప్పు ఒక్కరిదని చెప్పడానికి వీలులేదు. తెరను అక్కడ పెట్టినవారు, అడుగు మెమొరీ వృథాపోరాదనుకొన్నవారు, ప్రోగ్రాముకు కిటికీ తెరిచినవారు ఎవరి పని వారు సరిగానే చేసినారు. తాళం వేయక వదిలినవారిని మాత్రం తప్పుపట్టవచ్చును.

2008లో లైనక్సు ఆ మెమొరీ ఫైలుకు కంచె వేసినది: ఉపకరణాల నెంబర్లు చూడవచ్చును, కెర్నెల్ వాడుకొనే మెమొరీని చూడరాదు. మొదటి మెగాబైటుకు మాత్రం సడలింపు ఇవ్వవలసివచ్చినది. పాత డాస్ ప్రోగ్రాములను నడిపేవి, బొమ్మల ప్రోగ్రాము, బయాస్ సమాచారం చదివేవి ఇంకా అక్కడికే పోతున్నవి కదా! 2017లో దీనికి ఒక మధ్యేమార్గం దొరికినది. ఆ మెగాబైటులో నిజమైన మెమొరీ ఉన్నచోట ఎవరైనా చదివితే తప్పు అని గెంటివేయకుండా, అన్నీ సున్నలే చూపడం. పాత ప్రోగ్రాము నొచ్చుకోదు, రహస్యమూ బయటపడదు.

ఆక్రమణ ఒకవైపునుంచే జరగలేదు. సాగుభూమి అని బయాస్ తానే వ్రాసి ఇచ్చిన 640 కిలోబైట్లలోనికి కొన్ని యంత్రాలలో బయాసే దొంగతనంగా వచ్చి వ్రాసిపోతున్నదని 2008లో బయటపడినది. యంత్రాన్ని నిద్రపుచ్చి లేపినప్పుడు, తెర తీగను పెట్టి తీసినప్పుడు కెర్నెల్ సొంత పట్టికలు పాడైపోయినవి. ఎవరి పొలంలో అయినా పంట చెడితే కారణం వెదకవచ్చును. కరణం దస్తరమే తడిసిపోతే ఏమి చేయగలరు? మొదట అడుగునగల 64 కిలోబైట్లను వదులుకొన్నారు. ఆ తరువాత కొన్ని యంత్రాలకు ఇంకా ఎక్కువ. చివరకు 2021లో లైనక్సు 5.13 కెర్నెల్ లెక్కలు మాని, మొదటి మెగాబైటు మొత్తాన్ని సాగునుంచి తప్పించినది. మిగిలిన 640 కూడ పోరంబోకు అయినది. గిగాబైట్ల యంత్రానికి ఒక మెగాబైటు లెక్కలోనిది కాదు గనుక ఎవరికీ నష్టం తెలియలేదు.

అయినా ఆ మెగాబైటును మరచిపోవడానికి వీలులేదు. నేటి ప్రాసెసరులో అనేక అంతర్భాగాలుంటవి. వాటిలో ఒకటి ముందు మేలుకొని మిగిలినవాటిని లేపుతుంది. లేచే ప్రతి భాగమూ 1981 నాటి 8088 వలెనే, మొదటి మెగాబైటులోనే కన్ను తెరుస్తుంది. కనుక కెర్నెల్ ఆ మెగాబైటును దత్తం చేసేముందు అందులో కొద్ది చోటు తీసుకొని, లేచినవారిని పైకి చేర్చే చిన్న మెట్లదారి కట్టి ఉంచుతుంది. ఈ పాత స్థితినే తొలగించి ప్రాసెసరును తిన్నగా కొత్త స్థితిలో లేపుదామని ఇంటెల్ 2023 మేలో ఒక ప్రతిపాదన ప్రకటించినది. 2024 డిసెంబరులో దానిని మానుకొన్నది.

ఈ పాఠం కళ్ళారా చూడడానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. పులివెందులలో 2006లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, ప్రొద్దుటూరులో 2008లో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల ఏర్పడినవి. అక్కడ ఆపరేటింగ్ సిస్టములు చదివే విద్యార్థి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో బోధనకోసం 2006లో తయారైన ఎక్స్‌వీ6 అనే చిన్న కెర్నెలును తెరిచి చూస్తే తెర భాగంలో 736వ కిలోబైటు నెంబరు అట్లే కనిపిస్తుంది. దానిని క్వెము అనే అనుకరణ యంత్రంపై నడిపితే కార్డూ ఉండదు, గాడీ ఉండదు. అయినా ఆ నెంబరువద్ద వ్రాసిన 65 కిటికీలో అక్షరమై వెలుగుతుంది. ఎక్స్‌వీ6ను తరువాత రిస్క్-ఫైవ్ అనే వేరే జాతి ప్రాసెసరుకు మార్చినారు. ఆ అనుకరణ యంత్రంలో 640 లేదు, 384 లేదు. అక్కడ మెమొరీ 2 గిగాబైట్ల నెంబరువద్ద మొదలవుతుంది. దాని కిందనున్న 2 గిగాబైట్ల నెంబర్లలో ఒకచోట గడియారం, ఒకచోట డిస్కు, 256వ మెగాబైటువద్ద అక్షరాలు పంపే తీగ ఉన్నవి.